కుర్చీలో కూర్చున్న పిల్లలను లేపిన ఉపాధ్యాయుడు: ఎడ్వర్డ్ సెగ్విన్ (1812–1880)



కొంత కాలము క్రితం మన సంఘములోని ఒక కుటుంబము వారు తమ తొమ్మిదేళ్ళ కుమారుని వైద్యుల వద్దకు తీసుకొని వెళ్తూ, పెద్దవాడిని తోడుంటే బాగుంటుందని నన్ను కూడా రమ్మన్నారు. ఆ బాబుకు ఆటిజం ఉన్నదని అంతకు ముందే తేలింది. అక్కడ పరీక్ష చేసే అమ్మాయి బల్ల మీద ఒక చెక్క పలక పెట్టింది. అందులో పది గుంటలు ఉన్నాయి: గుండ్రము, చతురస్రము, నక్షత్రము, శిలువ, ఇలా పది ఆకారాలు. వాటిలో సరిపోయే పది చెక్క ముక్కలను బాబు ముందు పేర్చింది. బాబు ఆమె వైపు చూడలేదు, మా వైపూ చూడలేదు గాని, ముక్కలన్నీ చకచక వాటి వాటి గుంటలలో పెట్టేశాడు. తండ్రి ముఖము వెలిగిపోయింది.

ఆ తరువాత ఆమె అడిగిన ప్రశ్న మాత్రము మేమెవరమూ ఎదురుచూడనిది. బాబు రోజుకు ఎన్ని గంటలు కూర్చొని ఉంటాడని అడిగింది. తండ్రి తల్లి వైపు చూశాడు. తల్లి చాలాసేపు ఊరుకొని, ఉదయము లేచిన దగ్గర నుండి రాత్రి పడుకొనే వరకు కిటికీ ప్రక్కన ఒకటే ప్లాస్టిక్ కుర్చీ అని, చేతిలో ఫోను అని చెప్పింది. బయటికి వదిలితే పరుగెత్తిపోతాడు, రోడ్డు మీద బస్సులు, చుట్టుప్రక్కల వారి మాటలు. అందుకని తలుపు గడియ వేసి ఉంచుతాము అన్నది. అది ప్రేమ లేక చేసిన పని కాదు. ప్రేమ ఉండబట్టే ఆ గడియ.

ఆ చెక్క పలక పేరు సెగ్విన్ ఫారం బోర్డు అని తిరుగు ప్రయాణములో గుర్తుకు వచ్చింది. ఉపాధ్యాయ శిక్షణ పొందే రోజుల్లో మాంటిస్సోరి పద్ధతి చెప్పినప్పుడు సెగ్విన్ బోర్డులు అనే మాట వ్రాసుకొని, పరీక్షలో వ్రాసి, మరచిపోయాను. ఎవరీ సెగ్విన్ అని ఆనాడు అడిగిన వాడిని కాదు. ఇన్నేళ్ళకు అడిగాను. మన దేశములో పిల్లల బుద్ధి పరీక్షలు చేసే ప్రతి చోటా ఎవరి పేరైతే రోజూ వినిపిస్తున్నదో, ఆయన తన జీవితమంతా చెప్పిన సంగతి పలకల గురించి కాదు. పిల్లవాడు ముందు కదలాలి, నడవాలి, ఎక్కాలి, పట్టుకోవాలి, విసరాలి, ఆ తరువాతే పలక అని ఆయన చెప్పాడు.

ఆయన 1812 జనవరి 20న ఫ్రాన్సు దేశములోని క్లామెసీ అనే ఊరిలో జన్మించాడు. తండ్రి వైద్యుడు. చదువు ఓసేర్‌లో, ఆపై పారిస్‌లో సాగింది. ఫ్రెంచి వారు ఆయన పేరును వేరుగా పలుకుతారు గాని మన పుస్తకాలలో సెగ్విన్ అనే స్థిరపడింది, నేనూ అలాగే వ్రాస్తున్నాను. యౌవనములో ఆయన సెయింట్ సైమన్ అనే ఆలోచనాపరుని శిష్యవర్గములో చేరాడు. సమాజములోని సంస్థలన్నీ అందరికంటే బీదలైన వర్గపు స్థితిని మెరుగుపరచడానికే పనిచేయాలన్నది ఆ వర్గము వారి ముఖ్య సూత్రము. వారి సిద్ధాంతములో మనము ఒప్పుకోలేనివి అనేకము ఉన్నాయి. అయితే ఆ ఒక్క సూత్రమును ఆ యువకుడు చివరి వరకు విడువలేదు. తెలివి తక్కువ వారని లోకము తీసివేసిన పిల్లలనే ఆయన ఆ బీదలుగా ఎంచుకొన్నాడు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఇడియట్ అనే మాటను నేడు మనము తిట్టుగా వాడుతాము. ఆ రోజుల్లో అది వైద్యుల పుస్తకాలలోని మాట. మాట రాని వారు, నడక రాని వారు, మూర్ఛ వచ్చేవారు, చూపు కలుపని వారు, తమలో తాము ఊగుతూ కూర్చునేవారు, అందరినీ ఆ ఒక్క మాట క్రింద వేసేవారు. ఆటిజం అనేది ఒక ప్రత్యేక స్థితి అని లియో కానర్ అనే వైద్యుడు అమెరికాలో పదకొండు మంది పిల్లలను వివరించి వ్రాసినది 1943లో. హాన్స్ ఆస్పెర్గర్ వియన్నాలో వ్రాసినది 1944లో. సెగ్విన్‌కు ఆ పేరు తెలిసే అవకాశమే లేదు. కాని ఆయన చేతుల మీదుగా వెళ్ళిన పిల్లలలో ఈనాడు మనము ఆటిజం అని పిలిచే పిల్లలు కొందరైనా ఉండి ఉంటారని నా నమ్మకము. ఆటిజం ఉన్నవారందరూ బుద్ధిమాంద్యము గలవారు కారని కూడా ఇక్కడే చెప్పవలెను. ఆ సంగతి మనలో చాలామందికి తెలియదు.

సెగ్విన్‌కు దారి చూపినవాడు ఇటార్ అనే వైద్యుడు. 1800లో ఫ్రాన్సు దక్షిణ ప్రాంతమైన అవేరోన్ అడవుల నుండి ఒక బాలుడు బయటికి వచ్చాడు. సుమారు పన్నెండేళ్ళవాడు, మాట లేదు, బట్ట లేదు. పారిస్‌లోని మూగ చెవిటివారి పాఠశాలకు తీసుకొని వచ్చారు. అక్కడి ఇటార్ ఆ బాలునికి విక్టర్ అని పేరు పెట్టి అయిదేళ్ళు పాఠము చెప్పాడు. విక్టర్ కొన్ని అక్షరాలు గుర్తించాడు, కొన్ని పనులు నేర్చాడు, మాట మాత్రము రాలేదు. ఇటార్ నిరాశ చెంది మానుకొన్నాడు. మేడం గెరాన్ అనే ఇల్లాలు మాత్రము మానుకొనలేదు. 1828లో విక్టర్ చనిపోయే వరకు ఆమెయే చూసుకొన్నది. పాఠము చెప్పినవాడికి పుస్తకాలలో పేజీలు దొరికాయి, అన్నము పెట్టినామెకు ఒక వాక్యము దొరికింది. ఆ విక్టర్‌కు ఉన్నది ఆటిజమే కావచ్చునని ఇటీవలి పండితులు కొందరు వ్రాశారు. రెండు వందల ఏళ్ళ తరువాత దాన్ని రుజువు చేయలేము.

1837లో ఇటార్ ముసలివాడు, రోగి. పిల్లల ఆసుపత్రి వైద్యుడైన గెర్సాన్, ఇటార్ కలిసి ఒక బాలుని బాధ్యతను ఇరవై అయిదేళ్ళ సెగ్విన్‌కు అప్పగించారు. మరుసటి సంవత్సరమే ఇటార్ మరణించాడు. సెగ్విన్ ఆ బాలునితో పద్దెనిమిది నెలలు పనిచేశాడు. ఆనాడు మానసిక వైద్యములో పెద్ద పేరు గల ఎస్కిరోల్ ఆ బాలుని పరీక్షించి, జ్ఞాపకము ఉంచుకొనుట, పోల్చి చూచుట, మాట్లాడుట, వ్రాయుట, లెక్కించుట నేర్చాడని ధ్రువపరిచాడు. ఆ వెంటనే సెగ్విన్ పారిస్‌లో ఇటువంటి పిల్లల కోసం సొంతముగా ఒక చిన్న పాఠశాల తెరిచాడు. అప్పటికి ఆయన వైద్యుడు కాదు. ఈ సంగతి తరువాత ఆయనకు చాలా ఇబ్బంది తెచ్చింది.

1841 తరువాత ప్రభుత్వ ఆశ్రమములో, ఆపై బిసేత్ర్ అనే పెద్ద ఆసుపత్రిలో ఆయనకు పిల్లలను అప్పగించారు. బిసేత్ర్ పురుషుల ఆసుపత్రి. పిచ్చివారు, ముసలివారు, మూర్ఛరోగులు, వారి మధ్యలో ఈ పిల్లలు. పాఠము చెప్పే ప్రయత్నాలు అక్కడ అంతకు ముందు కూడా జరిగాయి. సెగ్విన్ చేసిన మార్పు ఎక్కడంటే, పాఠము ఎక్కడ మొదలు పెట్టాలి అన్న దగ్గర. ఇటార్ కన్ను, చెవి, స్పర్శ దగ్గర మొదలుపెట్టాడు. సెగ్విన్ ఇంకా క్రిందికి దిగాడు. కాలు నిలువని పిల్లవానికి, చేయి పట్టు లేని పిల్లవానికి అక్షరము చూపి ప్రయోజనమేమి? మొదట కండరములు, తరువాత ఇంద్రియములు, వాటి నుండి ఆలోచన, ఆలోచన నుండి మంచి చెడ్డలు. ఇది ఆయన వేసుకొన్న మెట్ల వరుస. దానికి ఆయన పెట్టిన పేరు శారీరక ధర్మములను అనుసరించిన విద్యా పద్ధతి.

ఆయన చేయించిన వ్యాయామముల గురించి కొంచెము వివరముగా వ్రాస్తాను, ఎందుకంటే అసలు విషయమంతా అందులోనే ఉన్నది.

నడక రాని పిల్లవానికి ఆయన ఒక ఉయ్యాల చేయించాడు. కూర్చునే పలక ముందుకు పొడుగుగా ఉంటుంది, పిల్లవాని కాళ్ళు దాని మీద చాపి ఉంటాయి. ఎదురుగా ఒక చెక్క నిలబెట్టి ఉంటుంది. ఉయ్యాల ముందుకు పోయినప్పుడు అరికాళ్ళు ఆ చెక్కకు తగులుతాయి. తగలగానే పిల్లవాడు తన్నుకొని వెనుకకు పోతాడు. మరల వస్తాడు, మరల తన్నుతాడు. శరీరపు బరువు కాళ్ళ మీద పడకుండానే కాళ్ళకు బలము వస్తుంది, అరికాలికి నేల అంటే ఏమిటో తెలుస్తుంది. పిల్లవానికి అది ఆట. గురువుకు అది పాఠము. తరువాత మాంటిస్సోరి అమ్మ కూడా ఈ ఉయ్యాలను తన పుస్తకములో మెచ్చుకొన్నది.

రెండవది నిచ్చెన. చేతిలో ఏది పెట్టినా జారవిడిచే పిల్లలు ఉంటారు. ఇటువంటి పిల్లవానిని నిచ్చెన మీద నిలబెట్టి, గురువు వెనుక నిలిచి, పిల్లవాని చేతులను మెట్ల మీద ఉంచి పైన తన చేతులు ఉంచేవాడు. కొంచెము వదిలేవాడు. పడిపోతాననే భయముతో వేళ్ళు వాటంతట అవే బిగుసుకొనేవి. పట్టుకో అని వందసార్లు చెప్పినా రాని పట్టు అలా వచ్చేది. ఇది కఠినమని కొందరికి అనిపించవచ్చును. నాకూ మొదట అనిపించింది. అయితే వెనుక గురువు చేతులు ఉన్నాయి గదా.

ఇంకా డంబెల్స్ ఉండేవి, కండలు పెంచడానికి కాదు, నిలకడ కోసము. రెండు చివరల బంతులు గల కర్ర ఒకటి ఉండేది. గురువు విసిరితే పిల్లవాడు రెండు చేతులతో పట్టి తిరిగి విసరాలి. పట్టాలంటే చూడాలి. ఎన్నడూ ఎవరి వైపూ చూడని పిల్లవాడు వచ్చే కర్రను చూస్తాడు, కర్ర వెనుక ఉన్న మనిషిని చూస్తాడు. ముప్పై అయిదు మందిని ఒకేసారి కూర్చోబెట్టి పాఠము చెప్పిన మాబోటి ఉపాధ్యాయులకు ఇది ఎంత లోతైన విషయమో అర్థమవుతుంది. నా వైపు చూడు అని కేకలు వేయడము తప్ప మాకు వేరే ఉపాయము తెలియదు.

ఉద్దేశము లేని కదలికను ఆయన కొట్టి మాన్పించలేదు. చేతులు ఊపుకొంటూ, వేళ్ళు త్రిప్పుకొంటూ గడిపే పిల్లల చేతికి పని ఇచ్చాడు. పార, సుత్తి, ఒంటిచక్రపు బండి, తోట. మట్టి తవ్వి బండిలో పోసి ఒకచోటి నుండి మరొకచోటికి తోయడము ఆయన దృష్టిలో గొప్ప వ్యాయామము. మరొక విచిత్రము, కదలకుండా నిలబడటమును కూడా ఆయన వ్యాయామముగానే నేర్పాడు. ఎప్పుడూ పరుగెత్తే పిల్లవాడు గురువుకు ఎదురుగా కొద్ది క్షణాలు నిలబడగలిగితే అది కూడా కండరముల మీద తన ఇష్టము సాధించుకొన్నట్లే. కదలలేక కూర్చోవడము వేరు, కూర్చోవాలని కూర్చోవడము వేరు. పిల్లలను జట్టుగా నిలబెట్టి సంగీతముతో చేతులు, కాళ్ళు కదిలించడము, ఒకరిని చూసి ఒకరు చేయడము కూడా ఉండేవి. మల్లయోధులను తయారుచేసే కసరత్తు తనకు అవసరము లేదని ఆయన స్పష్టముగా చెప్పాడు.

బిసేత్ర్‌లో ఆయన ఎక్కువ కాలము నిలువలేదు. అక్కడి అధికారులతో, వైద్యులతో పొసగలేదు. డిగ్రీ లేని మనిషి డిగ్రీ ఉన్నవారి మధ్య పిల్లలను లేపి నిలబెడుతుంటే ఎవరికి సహిస్తుంది? ఆయన మనస్తత్వము కూడా మెత్తనిది కాదని ఆయన జీవితము చూస్తే తెలుస్తుంది. 1843 చివరిలో బయటికి వచ్చాడు. 1844లో పారిస్ విజ్ఞానశాస్త్ర అకాడమీ వారు నియమించిన సంఘము ఆయన పద్ధతిని పరిశీలించి మెచ్చుకొన్నది. 1846లో ఆయన తన అనుభవమంతా ఏడు వందల పేజీల గ్రంథముగా ప్రచురించాడు. ఆ గ్రంథము పేరులోనే చికిత్సతో పాటు ఆరోగ్య నియమములు, విద్య అనే మాటలు ఉన్నాయి. గాలి, వెలుతురు, ఆహారము, బట్టలు కూడా పాఠములో భాగమే అన్నాడు.

1848లో ఫ్రాన్సులో విప్లవము వచ్చింది, తరువాత రాజకీయాలు ఆయన వంటి వారికి ప్రతికూలముగా మారాయి. 1850లో భార్యను, చిన్నవాడైన కుమారుని తీసుకొని అమెరికాకు వలసపోయాడు. మన పెద్దలు పొట్ట చేత పట్టుకొని కోలారు గనులకు, షోలాపూరు మగ్గాలకు, రైలు పట్టాల పనులకు వచ్చినట్లే, పరాయి భాషలో మొదటి నుండి మొదలుపెట్టాడు. అయితే ఆయన కంటే ముందే ఆయన పుస్తకము అక్కడికి చేరింది. 1848లో బోస్టన్‌లో శామ్యూల్ హోవ్, బార్ అనే ఊరిలో తన ఇంట్లోనే హెర్వీ విల్బర్ ఇటువంటి పాఠశాలలు తెరిచి ఉన్నారు. సెగ్విన్ బోస్టన్‌లో, సిరక్యూస్‌లో, పెన్సిల్వేనియాలో ఇటువంటి పాఠశాలలకు సహాయము చేశాడు. ఎక్కడా స్థిరపడలేదు. ఒహాయో రాష్ట్రములో కొంతకాలము వైద్యము చేసుకొన్నాడు. 1861లో, నలభై తొమ్మిదవ ఏట, న్యూయార్క్‌లో వైద్య పట్టా పుచ్చుకొన్నాడు. ఎంతోమందికి దారి చూపిన తరువాత తీసుకొన్న పట్టా అది.

1866లో తన పద్ధతిని ఇంగ్లీషులో గ్రంథముగా వ్రాశాడు. కుమారుడు ఎడ్వర్డ్ కాన్‌స్టంట్ అందుకు తోడ్పడ్డాడు. ఈ కుమారుడు తరువాత పేరుగల నరముల వైద్యుడయ్యాడు. జ్వరము కొలిచే థర్మామీటరును ఇంటి ఇల్లాలి చేతికి కూడా ఇవ్వాలని పోరాడినవారిలో సెగ్విన్ ఒకడు. 1873లో తల్లుల కోసము దాని మీద ఒక చిన్న పుస్తకము వ్రాశాడు. ఆ సంవత్సరమే వియన్నా ప్రపంచ ప్రదర్శనకు అమెరికా తరపున వెళ్ళి, విద్య గురించి నివేదిక తయారుచేశాడు. 1876లో ఇటువంటి పాఠశాలల వైద్యాధికారులు అమెరికాలో ఒక సంఘముగా ఏర్పడినప్పుడు మొదటి అధ్యక్షునిగా ఆయననే ఎన్నుకొన్నారు. చివరి సంవత్సరము రెండవ భార్య ఎల్సీతో కలిసి న్యూయార్క్‌లో ఒక చిన్న పాఠశాల మొదలుపెట్టి, 1880 అక్టోబరు 28న కన్నుమూశాడు. పాఠశాలను ఆమె కొనసాగించింది.

ఆయన పోయిన తరువాత జరిగినది చెప్పడానికి బాధగా ఉంటుంది. అమెరికాలో ఆ చిన్న పాఠశాలలు వందల మంది, వేల మంది ఉండే పెద్ద పెద్ద ఆశ్రమములుగా మారాయి. పిల్లలను నేర్పి ఇంటికి పంపే చోటు కాస్తా జీవితాంతము ఉంచే చోటు అయింది. వేలమందిని ఉయ్యాల ఎక్కించేవారు ఎవరు? మరల బల్లలు, మరల గోడలు. ఎవరూ చెడ్డవారు కాకుండానే ఇది జరిగింది. మనిషికి ఒక గురువు కావలసిన చోట వందమందికి ఒక కాపలాదారును పెడితే ఇదే జరుగుతుంది.

రోమ్ నగరములో మరియా మాంటిస్సోరి అనే యువ వైద్యురాలు లేకపోతే సెగ్విన్ పేరు ఆ చెక్క పలక మీద మాత్రమే మిగిలేది. 1897 తరువాత ఆమె పిచ్చాసుపత్రిలో ఉంచిన పిల్లలను చూసి, ఇటార్, సెగ్విన్ గ్రంథములను వెదకి చదివింది. సెగ్విన్ ఫ్రెంచి పుస్తకమును మొదటి నుండి చివరి వరకు తన చేతితో ఇటాలియన్ భాషలోకి వ్రాసుకొన్నది. అచ్చు అవసరము లేక కాదు; చేతితో వ్రాస్తే ప్రతి మాట బరువు తెలుస్తుందని. ఆ పునాది మీదనే 1907లో మామూలు పిల్లలకు బాలల గృహము తెరిచింది. 1939లో ఆమె మద్రాసు అడయారుకు వచ్చింది, యుద్ధము వలన 1946 వరకు మన దేశములో ఉండిపోయింది, వందలాది ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చింది. మేము శిక్షణలో పట్టుకొన్న చెక్క మెట్లు, స్తంభాలు అలా మన వరకు వచ్చినవే.

ఇది అంతా ప్రత్యేకమైన పిల్లల సంగతి, మనకెందుకు అని ఎవరైనా అనుకొంటే, లండన్ బస్సుల సంగతి వినండి. 1953లో జెర్రీ మారిస్ అనే వైద్యుడు, తన తోటివారు కలిసి ఒక లెక్క ప్రచురించారు. ఆనాటి లండన్ రెండంతస్తుల బస్సులలో డ్రైవరు రోజంతా కూర్చునేవాడు, కండక్టరు రోజంతా మెట్లు ఎక్కి దిగేవాడు. ఒకే ఊరు, ఒకే బస్సు. గుండె జబ్బు డ్రైవర్లకే ఎక్కువ వచ్చింది. మన తాతలు గనిలో దిగారు, మగ్గము నేశారు, పట్టాలు మోశారు. వ్యాయామము అనే మాట వారికి అవసరము లేదు. మనము చదువుకొన్నాము, ఆఫీసుల్లో కూర్చున్నాము, పెన్షనుతో ఇంట్లో కూర్చున్నాము, ఇప్పుడు టీవీ ముందు కూర్చున్నాము. మన కూటములలో చక్కెర జబ్బు మందు వేసుకోని అరవై ఏళ్ళవారిని వేళ్ళ మీద లెక్కించవచ్చును. నేను కూడా ఆ లెక్కలో వేసుకొనే వాడినే.

2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించిన నియమముల ప్రకారము పెద్దలు వారానికి 150 నుండి 300 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ చేయాలి, అనగా వేగముగా నడిచినా చాలును. పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాలు. ఆ నియమములలో వికలాంగుల కొరకు మొట్టమొదటిసారిగా ప్రత్యేక సూచనలు చేర్చారు. ఏమీ చేయని వారు కొంచెము చేసినా మేలే అని కూడా వారు చెప్పారు. మన దేశములో 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టము, 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము రెండింటిలో ఆటిజం పేరు ఉన్నది. చట్టములో పేరున్న పిల్లవానికి మన మైదానములో చోటు లేకపోతే ఎలా?

ఆటిజం ఉన్న పిల్లలు, పెద్దలు కూడా, ఇతరుల కంటే ఎక్కువ సేపు కూర్చుంటారని పరిశోధనలు చూపుతున్నాయి. కారణాలు మనకు తెలిసినవే: జట్టు ఆటలలో అరుపులు, త్రోపులు, మారిపోయే నియమాలు వారికి భరించరానివి, చేయి, కాలు కలిసి కదలడము కొందరికి కష్టము, పిలిచేవారు లేరు. నడక, పరుగు, ఈత, సైకిలు, గెంతడము వంటి వాటి వలన చాలామందిలో నిద్ర బాగుపడుతుంది, ఊగడము వంటి పదే పదే చేసే పనులు కొంతసేపు తగ్గుతాయి, శరీరము మీద పట్టు వస్తుంది. ఇది ఆటిజమును పోగొట్టే మందు కాదు. అలా చెప్పి డబ్బు అడిగే వారిని దూరముగా ఉంచండి.

ఎలా చేయించాలి అని తల్లిదండ్రులు అడుగుతారు. రోజూ ఒకే వేళ, ఒకే దారి. ఎండ ముదరక ముందు, రద్దీ లేని చోట. నోటితో చెప్పడము కంటే ప్రక్కన నిలిచి చేసి చూపడము మేలు, సెగ్విన్ చేసినట్లే. మొదట అయిదు నిమిషాలు చాలు. బిందెడు నీళ్ళు మోయడము, సంచి పట్టుకోవడము, తోటలో తవ్వడము, ఇవన్నీ వ్యాయామమే. మూర్ఛ ఉన్నవారి విషయములో, గుండె జబ్బు ఉన్నవారి విషయములో ముందు వైద్యుని అడగాలి. మరొక్క మాట గట్టిగా చెప్తున్నాను. ఇటువంటి పిల్లలలో చాలామందికి నీరంటే ఆకర్షణ. చెరువు గట్టు మీద గాని, యానాములో గోదావరి ఒడ్డున గాని నడిపించేటప్పుడు చేయి వదలవద్దు, ఒంటరిగా పంపవద్దు. ఆ తల్లి వేసిన గడియకు కారణము లేకపోలేదు. గడియ తీయాలంటే ఇంటి బయట ఒక మనిషి నిలబడాలి, ఆ మనిషి సంఘములో నుండి రావాలి.

మా సంఘములో ఇద్దరు యువకులు, తండ్రి, నేను వంతులు వేసుకొన్నాము. ఉదయము అయిదున్నరకు రైల్వే కాలనీ మైదానము చుట్టూ బాబుతో నడక. నా వంతు మంగళవారము, శుక్రవారము. మొదటి వారము బాబు గేటు దగ్గరే కూర్చొని లేవలేదు. రెండవ వారము గేటు నుండి వేపచెట్టు దాకా వచ్చాడు. వర్షాకాలములో మానివేశాము, మరల మొదటి నుండి మొదలు పెట్టవలసి వచ్చింది. ఇప్పుడు మూడు చుట్లు తిరుగుతాడు. నేను రెండవ చుట్టులోనే వెనుకబడతాను. మాటలు ఏమీ పెరగలేదు. రాత్రి పది గంటలకు నిద్రపోతున్నాడని తల్లి చెప్పింది, ఆమెకు కూడా నిద్ర పడుతున్నది.

ఆదివారము ఆరాధన అయ్యాక మందిరములోని ప్లాస్టిక్ కుర్చీలు ఒకదానిలో ఒకటి పేర్చి ప్రక్క గదికి మోసే పని ఇప్పుడు బాబుది. ఎవరూ అప్పగించలేదు, చూసి మొదలుపెట్టాడు. వరుస తప్పనివ్వడు. పెద్దలము కొందరము ఆఖరి పాట అయిన తరువాత కూడా కూర్చొని మాట్లాడుకోవడము అలవాటు. పోయిన ఆదివారము నా వెనుక ఎవరో నిలబడినట్లు అనిపించి తిరిగి చూశాను. వరుసలో నా కుర్చీ ఒక్కటే మిగిలింది. బాబు దాని వీపు పట్టుకొని, నా వైపు చూడకుండా, నేను లేచే వరకు నిలబడి ఉన్నాడు. నేను లేచాను.